బుడగ మీది జట్టు

క్షణభంగురమైన దానిని నీటిబుడగతో పోల్చడం మన కవులకు అనాదిగా ఉన్న అలవాటు. సంపద, యౌవనం, చివరకు జీవితమే బుద్బుదప్రాయమని వారు పలుమార్లు హెచ్చరించారు. విచిత్రమేమంటే, సముద్రాలకు ఆవల ఉన్న అమెరికా దేశంలో క్రీడాభిమానులు కూడా ఈ ఉపమానాన్నే వాడుకుంటున్నారు. అక్కడ ఏటా ఫిబ్రవరి, మార్చి నెలలలో కొన్ని కళాశాలల బాస్కెట్‌బాల్ జట్లను 'బుడగ మీది జట్లు' అని వ్యవహరిస్తారు. జాతీయ టోర్నమెంటులో ఆడే అర్హత లభిస్తుందో లేదో తేలక, ఆశకూ నిరాశకూ నడుమ ఊగిసలాడే జట్లకు ఆ పేరు. బుడగ నిలిస్తే టోర్నమెంటులో చోటు దక్కుతుంది. పగిలితే ఏడాది శ్రమ అక్కడితో ముగుస్తుంది.

ఆ ఊగిసలాట ఎంతటిదో తెలియాలంటే ఆ టోర్నమెంటు కథ కొంత తెలియాలి. 1891వ సంవత్సరం డిసెంబరు నెలలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో విద్యార్థులు నాలుగు గోడల మధ్య ఆడుకోదగిన ఆట ఒకటి కావాలని తలచాడు. పీచు పండ్ల బుట్టలు రెండింటిని ఎత్తున బిగించి, వాటిలో బంతి వేయడమే గెలుపుగా నియమాలు రచించాడు. ఆ బుట్టల వల్లనే ఆటకు బాస్కెట్‌బాల్ అని పేరు వచ్చింది. అర్ధశతాబ్దం తిరగకముందే అది అమెరికా కళాశాలలన్నింటికీ వ్యాపించింది. 1939లో జాతీయ కళాశాలల క్రీడాసంఘమైన ఎన్.సి.ఎ.ఎ. పక్షాన ఎనిమిది జట్లతో తొలి టోర్నమెంటు జరిగింది. ఓరెగాన్ విశ్వవిద్యాలయం విజేతగా నిలిచింది. అంతకు ఒక ఏడాది ముందే, 1938లో, న్యూయార్క్ నగరంలో నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంటు అనే మరొక పోటీ మొదలైంది. తొలి రోజులలో ఈ రెండూ సమాన గౌరవం గలవే. కాలక్రమంలో మొదటిది మహావృక్షమైంది. రెండవది మొదటిదానిలో చోటు దక్కనివారి ఆశ్రయమైంది.

చోటు దక్కని వేదన ఎంతటిదో 1974లో ఆ దేశమంతా చూసింది. కళాశాలలు ప్రాంతాలవారీగా కూటములుగా ఏర్పడి ఆడుకుంటాయి. వాటిని కాన్ఫరెన్స్‌లు అంటారు. ఆ రోజులలో ఒక్కొక్క కాన్ఫరెన్స్ నుండి ఒక్క జట్టుకు మాత్రమే జాతీయ టోర్నమెంటులో ప్రవేశం ఉండేది. ఆ ఏడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ తుదిపోరులో నార్త్ కెరొలీనా స్టేట్, మేరీల్యాండ్ జట్లు తలపడ్డాయి. రెండూ దేశంలోని అత్యుత్తమ జట్ల కోవకు చెందినవే. నిర్ణీత సమయంలో ఫలితం తేలక, అదనపు సమయం ఆడవలసి వచ్చింది. చివరకు 103 – 100 తేడాతో మేరీల్యాండ్ ఓడిపోయింది. మూడే మూడు పాయింట్లు! గెలిచిన జట్టు ముందుకు సాగి జాతీయ విజేత అయింది. ఓడిన జట్టుకు టోర్నమెంటు ద్వారమే మూసుకుపోయింది. అంతటి జట్టు గుమ్మం బయట నిలబడవలసి రావడం న్యాయమేనా అన్న ప్రశ్న బలంగా వినవచ్చింది. మరుసటి ఏడు, అంటే 1975లో, టోర్నమెంటును 32 జట్లకు విస్తరించి, ఒకే కాన్ఫరెన్స్ నుండి ఒకటికి మించిన జట్లను తీసుకొనేందుకు వీలు కల్పించారు. ఓడినవారి కన్నీరు ఒక్కొక్కప్పుడు రాబోయే తరాలకు తలుపు తెరుస్తుంది. అయితే ఆ తలుపు తెరుచుకొనేసరికి కన్నీరు కార్చినవారు ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటారు.

ఆ తరువాత 1985లో జట్ల సంఖ్య 64 అయింది. 2011 నాటికి 68కి పెరిగింది. సంఖ్య పెరిగితే వివాదం తగ్గుతుందని ఎవరైనా అనుకోవచ్చు. కాని జరిగినది వేరు. ఎనిమిది మందికి చోటున్నప్పుడు తొమ్మిదవవాడు దుఃఖించాడు. అరవై ఎనిమిది మందికి చోటున్నప్పుడు అరవై తొమ్మిదవవాడు దుఃఖిస్తున్నాడు. గీత ఎక్కడ గీసినా దాని ఆవల ఒకరు నిలబడి ఉంటారు. అమెరికాలో ప్రథమ శ్రేణికి చెందిన కళాశాలల జట్లు 360కి పైగా ఉండగా, వాటిలో కొన్నింటిని ఏరి, తక్కిన వాటిని వదలవలసిన భారం ఎవరో ఒకరు మోయక తప్పదు.

ఆ భారం మోసేది ఒక ఎంపిక సంఘం. 2024లో పన్నెండుగురు సభ్యులున్న ఆ సంఘం ఇండియానాపోలిస్ నగరంలో సమావేశమయింది. విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాల అధిపతులు, కాన్ఫరెన్స్‌ల కమిషనర్లు అందులో సభ్యులు. తమ సంస్థ ప్రస్తావన వచ్చినప్పుడు ఆ సభ్యుడు గది విడిచి వెలుపలకు వెళ్ళవలసిందే. ఆ ఏడు 68 స్థానాలలో 32 స్థానాలు కాన్ఫరెన్స్ టోర్నమెంట్లలో గెలిచినవారికి తమంతట తామే లభించాయి. మిగిలిన 36 స్థానాలను సంఘమే నింపవలసి వచ్చింది. బుడగ మీది జట్ల చూపులన్నీ ఆ 36 స్థానాలలోని చివరి నాలుగైదింటి పైననే.

ఎంపికకు కొలబద్దలు లేకపోలేదు. 2018–19 సీజను నుండి 'నెట్' అనే గణన పద్ధతి అమలులోకి వచ్చింది. జట్టు ఎన్ని ఆటలు గెలిచినదన్న లెక్కతో అది తృప్తి పడదు. ఎవరి మీద గెలిచినది, ఎక్కడ గెలిచినది అని కూడా విచారిస్తుంది. సొంత ఆవరణలో ఆడితే మొదటి 30 ర్యాంకులలోని జట్టుతో, తటస్థ వేదికపైనైతే 50లోపు జట్టుతో, ఎదుటివారి ఇంట ఆడితే 75లోపు జట్టుతో జరిగిన ఆటను మొదటి తరగతి పోటీగా పరిగణిస్తారు. పరుల ఊరిలో, పరుల కేకల నడుమ సాధించిన గెలుపునకు విలువ ఎక్కువ కట్టడం సహేతుకమే. కాని ఏ కొలబద్ద అయినా తాను కొలవగలిగినదానినే కొలుస్తుంది. ఈ మాటకు ఆ ఏటి ఇండియానా స్టేట్ జట్టు కథే నిదర్శనం.

ఇండియానా రాష్ట్రంలో వాబాష్ నది ఒడ్డున టెర్రె హోట్ అనే పట్టణం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయమే ఇండియానా స్టేట్. 1979లో లారీ బర్డ్ అనే మహా క్రీడాకారుడు ఈ జట్టును ఒక్క ఓటమి లేకుండా జాతీయ తుదిపోరు వరకు నడిపించాడు. ఆ పోరులో మ్యాజిక్ జాన్సన్ ఆడిన మిషిగన్ స్టేట్ చేతిలో జట్టు ఓడింది. ఆ పట్టణంలో పెద్దలు పిల్లలకు చెప్పుకొనే కథ అది. తరువాతి దశాబ్దాలలో అటువంటి వైభవం మరల రాలేదు. 2011 తరువాతనైతే జాతీయ టోర్నమెంటులో ఆ జట్టు పేరే వినపడలేదు.

2023–24 సీజనులో ఆ నిశ్శబ్దం చెదిరింది. శిక్షకుడు జాష్ షెర్ట్జ్ తీర్చిదిద్దిన జట్టు బంతిని చకచకా అందించుకుంటూ, దూరం నుండి గురి తప్పక వేస్తూ, చూసేవారిని ముగ్ధులను చేసింది. జట్టు మధ్యలో నిలిచి ఆట నడిపినవాడు రాబీ అవీలా. క్రీడాకళ్ళద్దాలు ధరించిన ఆ పొడుగరి, చూడటానికి గ్రంథాలయంలో నుండి నేరుగా ఆటస్థలానికి వచ్చిన విద్యార్థి వలె ఉండేవాడు. బంతి చేతికి వస్తే ఎవరికి ఎప్పుడు అందించాలో అతనికి తెలిసినట్లు తెలిసినవారు అరుదు. ఆ ఏడు మిస్సోరీ వ్యాలీ కాన్ఫరెన్స్ లీగ్ దశలో ఇండియానా స్టేట్ ప్రథమ స్థానంలో నిలిచింది. ఖాళీ ఆసనాలకు అలవాటు పడిన ఆవరణ జనంతో కిటకిటలాడింది.

మార్చి 10న సెయింట్ లూయిస్ నగరంలో కాన్ఫరెన్స్ టోర్నమెంటు తుదిపోరు జరిగింది. గెలిస్తే జాతీయ ప్రవేశం ఎవరి దయా అక్కరలేకుండా లభిస్తుంది. ప్రత్యర్థి డ్రేక్ విశ్వవిద్యాలయం. నువ్వా నేనా అన్నట్లు సాగిన ఆ పోటీలో 84 – 80 తేడాతో ఇండియానా స్టేట్ ఓడిపోయింది. 28 విజయాలు, 6 ఓటములు. నెట్ గణనలో మొదటి ముప్పై స్థానాలలో ఒకటి. ఇంత ఉండి కూడా ఆ క్షణం నుండి ఆ జట్టు భవిష్యత్తు తన చేతులలో లేదు. ఆటగాళ్ళు చేయవలసినదంతా చేసి ముగించారు. ఇక చేయడానికి ఏమీ లేదు. వారం రోజులు ఎదురుచూడటం ఒక్కటే మిగిలింది.

ఆ వారం రోజులలో ఇతరుల ఆటలే వారి తలరాత రాశాయి. కాన్ఫరెన్స్ టోర్నమెంటులో ఎవరూ ఊహించని జట్టు గెలిస్తే, తనంతట తానుగా వచ్చే ప్రవేశం దానికి దక్కుతుంది. అంతవరకు దాని కంటె ముందున్న జట్టు సంఘం నింపే 36 స్థానాలలో ఒకదానిని ఆక్రమిస్తుంది. ఫలితంగా బుడగ మీది జట్టు ఒకటి జారిపోతుంది. ఇటువంటి అనూహ్య విజేతలను అక్కడివారు 'స్థానచోరులు' అని హాస్యంగా పిలుస్తారు. ఆ ఏడు అటువంటి వారు పలువురు బయలుదేరారు. వారిలో ముఖ్యమైనది నార్త్ కెరొలీనా స్టేట్. 17 విజయాలు, 14 ఓటములతో, తన కాన్ఫరెన్స్‌లో పదవ స్థానంలో ఉన్న ఆ జట్టు ఐదు రోజులలో ఐదు ఆటలు గెలిచి కిరీటం ధరించింది. అంతటితో ఆగక జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచింది. దానిని చోరుడనడం మాటవరసకే. అది కష్టించి సంపాదించిన స్థానం. అయినప్పటికీ ఒకరి పండుగ మరొకరి ఇంట దీపం ఆర్పిన మాట కాదనలేనిది. యాభై ఏళ్ళ క్రితం మేరీల్యాండ్‌ను గుమ్మం బయట నిలిపినదీ ఈ నార్త్ కెరొలీనా స్టేటే కావడం చరిత్రలోని చిత్రం.

మార్చి 17, ఆదివారం. 68 జట్ల పేర్లు దేశమంతటా టెలివిజన్‌లో ప్రసారమయ్యాయి. వాటిలో ఇండియానా స్టేట్ పేరు లేదు. గీతకు సరిగ్గా వెలుపల నిలిచిన మొదటి నాలుగు జట్లుగా ఓక్లహామా, సీటన్ హాల్, ఇండియానా స్టేట్, పిట్స్‌బర్గ్ పేర్లు వెల్లడయ్యాయి. నిర్ణయం జరిగిన ఇండియానాపోలిస్ నగరానికీ టెర్రె హోట్‌కూ నడుమ దూరం సుమారు 120 కిలోమీటర్లు మాత్రమే. నాడు ఆ దూరం దాటరానిదయింది.

సంఘం నిర్ణయంలో హేతువు లేదని అనడం సరికాదు. మొదటి తరగతి పోటీలలో ఇండియానా స్టేట్ సాధించిన విజయాలు స్వల్పం. అలబామా, మిషిగన్ స్టేట్ వంటి పెద్ద జట్లతో తలపడినప్పుడు అది ఓడింది. పెద్ద కాన్ఫరెన్స్‌లలోని జట్లు వారం వారం బలవంతులతో పోరాడి, గాయపడి, కొన్ని గెలిచి కొన్ని ఓడి వస్తాయి. చిన్న కాన్ఫరెన్స్‌లో ఇరవై ఎనిమిది గెలుపులు, పెద్ద కాన్ఫరెన్స్‌లో ఇరవై గెలుపులు – ఈ రెండింటిలో ఏది గొప్పదో తూచడం తేలిక కాదు. సంఘ సభ్యులు తమకు కనబడిన సాక్ష్యాన్ని బట్టి తీర్పు చెప్పారు.

అయినా ఇక్కడ మహాభారతంలోని ఒక ఘట్టం జ్ఞప్తికి రాక మానదు. ఆదిపర్వంలో ద్రోణుని శిష్యులు తమ అస్త్రవిద్యను ప్రదర్శిస్తున్న రంగస్థలానికి కర్ణుడు వస్తాడు. అర్జునుడు చూపిన విద్యలన్నీ తానూ చూపుతాడు. ద్వంద్వయుద్ధానికి సిద్ధపడతాడు. అప్పుడు కృపాచార్యుడు అతని కులగోత్రాలు అడుగుతాడు. కర్ణుని తల వాలిపోతుంది. అక్కడ పరీక్షకు నిలిచినది విద్య. ప్రశ్న మాత్రం పుట్టుకను గురించి. ఎంపిక సంఘం ఎవరి పుట్టుకనూ అడగదు. "నీవు ఎవరిని గెలిచావు?" అని మాత్రమే అడుగుతుంది. ప్రశ్న న్యాయమైనదే. కాని చిన్న కాన్ఫరెన్స్‌లో పుట్టిన జట్టుకు గొప్ప ప్రత్యర్థులు దొరకరు. గెలిస్తే పేరు రాదు, ఓడితే పరువు పోతుంది కనుక, పెద్ద విశ్వవిద్యాలయాలు చిన్న ఊళ్ళకు వచ్చి ఆడటానికి ఇష్టపడవు. పోరాడే అవకాశమే లేనివానిని, ఎందుకు పోరాడలేదని అడిగినట్లవుతుంది. న్యాయమైన ప్రశ్న కూడా అందరి మీద ఒకే బరువుతో పడదన్న సత్యం ఇందులో ఉన్నది. దుర్యోధనుడు కర్ణునికి అంగరాజ్యం ఇచ్చి ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాడు. క్రీడలలో అటువంటి దాతలు ఉండరు.

నిరాకరణకు గురైన జట్టు ఏమి చేయాలి? పిలుపు వచ్చినా రెండవ టోర్నమెంటులో ఆడబోమని తిరస్కరించే జట్లు కొన్ని ఉంటాయి. 1974లో మేరీల్యాండ్ ఆ విధంగానే తిరస్కరించింది. ఇండియానా స్టేట్ ఆడటానికే నిశ్చయించుకున్నది. దుఃఖం పచ్చిగా ఉండగానే నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంటు బరిలోకి దిగింది. సదరన్ మెథడిస్ట్, మిన్నెసోటా, సిన్సినాటీ, యూటా – ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు జట్లను ఓడించింది. వీటిలో మిన్నెసోటా, సిన్సినాటీ, యూటా పెద్ద కాన్ఫరెన్స్‌లవే. "నీవు ఎవరిని గెలిచావు?" అన్న ప్రశ్నకు ఆలస్యంగానైనా జవాబు లభించింది.

ఏప్రిల్ 4న తుదిపోరు. వేదిక ఇండియానాపోలిస్ నగరమే. ప్రత్యర్థి సీటన్ హాల్ – గీతకు వెలుపల నిలిచిన ఆ నాలుగు జట్లలో మరొకటి. కాదనిపించుకున్న జట్లు రెండూ ఎదురెదురుగా నిలిచి, తమలో ఎవరిది పైచేయో తేల్చుకొనడానికి సర్వశక్తులూ ఒడ్డాయి. 79 – 77 తేడాతో సీటన్ హాల్ గెలిచింది. ఒక్క బుట్ట తేడా! ఆ ఏడు ఇండియానా స్టేట్ మొత్తం 32 ఆటలు గెలిచి 7 ఓడినట్లు లెక్క.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే, మరుసటి ఏడు మరల ప్రయత్నిస్తారని తృప్తి పడవచ్చు. కాని నేటి అమెరికా కళాశాల క్రీడలలో మరుసటి ఏడు అన్నది చిన్న జట్లకు హామీ లేని మాట. శిక్షకుడు షెర్ట్జ్ సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయానికి మారాడు. అవీలా ఆయన వెంట నడిచాడు. మొదటి వరుసలోని తక్కిన నలుగురు కూడా ఇతర విశ్వవిద్యాలయాలకు వెళ్ళిపోయారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు; మేలైన అవకాశం కోరుకొనడం మానవ సహజం. కాని ఆ ఐదుగురు కలసి ఆడిన ఆట మరల కనబడదు. టెర్రె హోట్ పట్టణానికి అది ఒక్క చలికాలం పూచిన పువ్వు. అందుకనే ఆ ఆదివారం నాటి నిర్ణయం అంత బరువైనదయింది. ఈసారి కాకపోతే మరొకసారి అనుకొనే వీలు ఆ జట్టుకు లేదు.

బుడగ నిలిచిన సందర్భాలు కూడా స్మరించదగినవే. 2011లో వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయం చిట్టచివరి జట్లలో ఒకటిగా టోర్నమెంటులో ప్రవేశించింది. దానికి చోటివ్వడం పొరపాటని క్రీడా విశ్లేషకులు పలువురు బాహాటంగానే విమర్శించారు. ఆ జట్టు ప్రాథమిక పోటీతో మొదలుపెట్టి, కాన్సాస్ వంటి దిగ్గజాన్ని సైతం 71 – 61 తేడాతో ఓడించి, చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచింది. పది సంవత్సరాల తరువాత 2021లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కూడా అదే మార్గంలో అంతదూరం ప్రయాణించింది. గీతకు ఈవల నిలిచిన చివరివానికీ, ఆవల నిలిచిన మొదటివానికీ సామర్థ్యంలో తేడా వెంట్రుకవాసి. అవకాశంలో తేడా మాత్రం ఆకాశమంత. గీత గీసే అధికారం గలవారు సదా గుర్తుంచుకొనవలసిన విషయమిది.

మార్కులు, ర్యాంకుల లోకంలో మెలగే విద్యార్థులకు ఈ గీత కొత్తది కాదు. ఒక్క మార్కుతో ఒకరు ఈవల, మరొకరు ఆవల నిలుస్తారు. గీత అవసరమే, అది లేనిదే ఎంపిక లేదు. కాని గీత చెప్పేది ఎవరికి చోటు దొరికినదన్న సంగతి ఒక్కటే. ఎవరు ఎంతటివారన్నది దానికి తెలియదు. తీర్పు వెలువడిన తరువాత కూడా ఇండియానా స్టేట్ ఆటగాళ్ళు అంతే చక్కగా బంతి అందించుకున్నారు, అంతే గురిగా వేశారు. సంఘం ఇవ్వని చోటు వారికి చివరివరకూ దక్కలేదు. సంఘం ఇవ్వకపోయినా వారి వద్దనే ఉన్నది వారి ఆట. ఆ వసంతంలో టెర్రె హోట్ ప్రజలు ఆవరణను నింపి చప్పట్లు కొట్టినది ఆ ఆట కొరకే.